సమాధి రాయి మీద బాత్‌రూమ్ యాసిడ్

పోయిన నవంబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం, కాలేజీలో ఎన్నెస్సెస్ (జాతీయ సేవా పథకం) చేస్తున్న మా అన్నయ్య కూతురు వాట్సాప్‌లో రెండు ఫొటోలు పంపింది. మొదటిదాంట్లో నాచు పట్టి నల్లబడిపోయిన సమాధి. రెండోదాంట్లో అదే సమాధి, నిన్నగాక మొన్న కట్టినట్టు తెల్లగా. కింద "అత్తా, మా బ్యాచ్ చేసింది! ఎలా ఉంది?" అని రాసి, చీపురు బొమ్మలు రెండు పెట్టింది.

బాగుంది అని టైప్ చేశాను. పంపబోయి చెరిపేశాను. ఫోన్ చేసి, "దేంతో కడిగారే?" అని అడిగాను.

"ముందు సర్ఫ్‌తో రుద్దాం, పోలేదు. అప్పుడు మా సీనియర్ ఒకడు బాత్‌రూమ్ యాసిడ్ తెచ్చాడు. పోయగానే బుసబుసా పొంగింది అత్తా! మురికంతా దెబ్బకి వచ్చేసింది."

పొంగింది మురికి కాదు, రాయి. పాలరాయి సున్నపు జాతిది. యాసిడ్ తగిలితే అది కరిగి గ్యాస్ వదులుతుంది, ఆ నురగే వీళ్ళు చూసింది. రెండో ఫొటో పెద్దది చేసి చూశాను. పలక మీద సీసం పోసిన అక్షరాల్లో మూడు నాలుగు ఊడిపోయి గుంటలు కనిపిస్తున్నాయి. ముందు ఫొటోలో అవి ఉన్నాయి. నూట యాభై ఏళ్ళపాటు బందరు ఉప్పు గాలికీ తుఫాన్లకూ ఆగిన అక్షరాలు ఒక్క ఆదివారం పొద్దుటికి ఆగలేకపోయాయి.

నేను పురావస్తు నిపుణురాలిని కాను. బ్యాంకులో ముప్ఫై రెండేళ్ళు పనిచేసి రిటైరయ్యాను. సున్నం గురించి నాకు తెలిసిందల్లా ఇంగ్లీషుపాలెంలో మా తాతగారిల్లు నేర్పిందే. డంగు సున్నం గోడలు, కరక్కాయ, బెల్లం నీళ్ళు కలిపి పూసినవి. తాతయ్య పోయాక పెదనాన్న పడమటి గోడకు సిమెంటు పూయించారు, గట్టిగా ఉంటుందని. రెండు వర్షాకాలాలు గడిచేసరికి లోపలి చెమ్మ బయటికి పోయే దారి లేక, ఉప్పు పొంగి, పెచ్చులు పెచ్చులుగా ఊడింది. ఊడుతూ ఊడుతూ పాత ఇటుకను కూడా పట్టుకుపోయింది. హైదరాబాద్‌లో కుతుబ్ షాహీ సమాధుల దగ్గర 2013లో మొదలైన పునరుద్ధరణలో పెద్ద పని ఏమిటంటే, గత శతాబ్దంలో పూసిన సిమెంటును వలిచేసి మళ్ళీ సున్నం వేయడం. మా పెదనాన్న చేసిన తప్పే, కాకపోతే రాజుల గోరీల మీద.

కాబట్టి ఆ రోజు ఫోన్‌లో కొంచెం గట్టిగానే అరిచాను. అది అంతా విని ఒక్క మాట అంది. "నువ్వు బందరులో పుట్టి పెరిగావు కదా. ఒక్కసారైనా ఆ సమాధుల తోట లోపలికి వెళ్ళావా?"

వెళ్ళలేదు. గోడ పక్కనుంచి ఎన్నోసార్లు నడిచాను. లోపలికి ఎప్పుడూ వెళ్ళలేదు.

ఆ వారమంతా ఆ మాట గుచ్చుతూనే ఉంది. శుక్రవారం విజయవాడలో బస్సెక్కాను.

ఆడపిల్లలు, శ్మశానం

ఇంటికి చేరగానే మా అమ్మ మొదలుపెట్టింది. ఎనభై నాలుగేళ్ళ మనిషి. మనవరాలు వారం వారం సమాధుల దగ్గరికి వెళ్తోందన్న సంగతి ఆవిడకి అప్పుడే తెలిసింది. "నాన్న పోయినప్పుడు నిన్నే వీధి చివర దాటనివ్వలేదు, ఇదేం చదువే!" అంది. నిజమే, నన్ను పంపలేదు. మా ఇళ్ళలో ఆడవాళ్ళకి శ్మశానం అంటే గుమ్మం దగ్గర ఆగిపోయే ఊరేగింపు, తర్వాత నెత్తిన నీళ్ళు. మా మేనకోడలు పంతొమ్మిదేళ్ళకి చేతిలో కొడవలి పట్టుకుని సమాధుల మధ్య గడ్డి కోస్తోంది. దాని యాసిడ్ సంగతి తర్వాత, ముందు ఇది నాకు చిన్న విషయంగా అనిపించలేదు.

దాని పక్కన పనిచేసే పిల్లల్లో సగం మంది క్రైస్తవ కుటుంబాల వాళ్ళు. వాళ్ళకి ఇదేం వింత కాదు. ఏటా నవంబరు 2న సమాధుల పండుగకి వెళ్ళి వాళ్ళ వాళ్ళ గోరీలకి సున్నం కొట్టి, బంతిపూల దండలు వేసి, కొవ్వొత్తులు వెలిగించి వస్తారు. మొక్క ఎక్కడ పీకాలో, ఎక్కడ పీకకూడదో మా పిల్లకి నేర్పింది వాళ్ళే. పగుల్లో మొలిచిన రావి మొక్కను బలం కొద్దీ లాగితే వేరుతోపాటు నాలుగు ఇటుకలు వస్తాయి. మొదలంటా కోసి వదిలి, చిగురు వేసినప్పుడల్లా మళ్ళీ కోస్తూ ఉండాలి. ఈ పద్ధతి ఏ మాన్యువల్‌లో చదివిందీ కాదు, వాళ్ళ నాయనమ్మల దగ్గర నేర్చుకున్నది.

ఆ తోట పేరు, ఊరి పేరు రాయను. బందరుకి దగ్గర్లోనే. రక్షిత కట్టడం అనే బోర్డు లేదు. చుట్టూ గోడ సగం ఉంది. పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషు సమాధులు ఓ ముప్ఫై నలభై, వాటి మధ్య మధ్య తెలుగు క్రైస్తవుల గోరీలు.

రాయి చెక్కినవాడు

శనివారం పొద్దున్న పిల్లలందరినీ అక్కడికి కాకుండా ముందు బందరులోని డచ్చి సమాధుల దగ్గరికి తీసుకెళ్దామన్నాను. అది కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. అక్కడ పనికి వెళ్ళలేదు, చూడటానికే. చట్టం కూడా ముందే చెప్పాను. 1958 నాటి పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత కట్టడానికి నష్టం చేస్తే రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. యాసిడ్ తెచ్చిన సీనియర్ మొహం చూడాల్సింది.

డచ్చివాళ్ళని మనవాళ్ళు వలందావాళ్ళు అనేవారు. వలందపాలెం మీదుగా రోజూ కాలేజీకి వెళ్ళే పిల్లలకి ఆ పేరు హాలెండ్ నుంచి వచ్చిందని తెలీదు. పరాసుపేట ఫ్రెంచివాళ్ళది, ఇంగ్లీషుపాలెం సంగతి చెప్పక్కర్లేదు. 1605లో గోల్కొండ సుల్తాను రేవులో దిగి డచ్చివాళ్ళు వర్తకం మొదలుపెట్టారు, ఇంగ్లీషువాళ్ళు 1611లో వచ్చారు. అందరూ వచ్చింది ఇక్కడి అద్దకం గుడ్డల కోసం. ఇదంతా బందరు బళ్ళలో చెప్పరు. బందరు లడ్డూ గురించి మాత్రం బయటి ఊళ్ళవాళ్ళు కూడా చెప్తారు.

సమాధి పలకలు పెద్ద పెద్ద నల్లరాతి బండలు. పైన కుటుంబ చిహ్నాలు, కింద డచ్చి అక్షరాలు. అక్షరాలు రాయిలోకి తవ్వినవి కావు. చుట్టూ రాయిని చెక్కేసి అక్షరాన్ని పైకి నిలబెట్టారు. "హియర్ లేయ్‌ట్ బెగ్రావెన్" అంటే ఇక్కడ పూడ్చి ఉంచబడ్డారు అని. ఆ మాట వచ్చిన చోటల్లా పిల్లలు వేలు గాల్లో తిప్పుతూ వెతికారు. రాయిని ముట్టుకోలేదు, అంతవరకు నయం. డచ్చివాళ్ళ సమాధుల మీద వయసును ఏళ్ళు, నెలలు, రోజులతో సహా చెక్కడం ఆనవాయితీ. నెలలూ రోజులూ లెక్కపెట్టుకునేది ఎవరు? పిల్లలు పోయినవాళ్ళు.

అక్కడ ఒక కుర్రాడు అడిగిన ప్రశ్న నాకు తట్టనిది. "మేడమ్, ఈ రాయి చెక్కినాయనకి ఈ భాష వచ్చా?"

వచ్చి ఉండదు. ఈ కోరమాండల్ తీరం శిల్పుల పనితనానికి అప్పట్లో ఎంత పేరంటే, ఇక్కడి సమాధి పలకలు ఓడల్లో బటావియా దాకా వెళ్ళేవి. ఇవాళ్టి జకార్తాలో ఉన్న పాత డచ్చి సమాధి రాళ్ళలో ఇక్కడి నుంచి వెళ్ళినవి ఉన్నాయి. కాగితం మీద రాసిచ్చిన అర్థంకాని గీతల్ని, అర్థంకాని లిపిని, వంకర పోకుండా రాతి మీద నిలబెట్టినవాడు మనవాడు. కింద పడుకున్నవాడి పేరు తెలుసు. చెక్కినవాడి పేరు ఎక్కడా లేదు.

దొరల గోరీలు మనకెందుకు

ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు, మా అన్నయ్యతో సహా. తేలిగ్గా తీసిపారేసే ప్రశ్న కాదిది. వలందావాళ్ళు గుడ్డలు మాత్రమే కొనలేదు. పదిహేడో శతాబ్దపు కరువుల్లో తిండి లేక తమను తాము అమ్ముకున్నవాళ్ళనీ, కన్నవాళ్ళు అమ్మిన పిల్లలనీ పులికాట్ లాంటి రేవుల్లో ఓడలెక్కించి బటావియాకు, సిలోన్‌కు బానిసలుగా పంపారు. వేల మందిని. వాళ్ళలో ఒక్కరి గోరీ అయినా ఎక్కడుందో ఎవరూ చూపించలేరు. డచ్చి కంపెనీ వర్తకుడి భార్య గోరీ మాత్రం మూడున్నర శతాబ్దాల తర్వాత కూడా పేరుతో సహా ఉంది, దానికి మనం కంచె వేసి కాపలా పెట్టాం.

ఇంకా దగ్గరికి వస్తాను. 1864 నవంబరు 1 రాత్రి బందరు మీదికి ఉప్పెన వచ్చింది. సుమారు 30,000 మంది పోయారు. అంతమందికీ కలిపి మనకి మిగిలినవి ఎన్ని రాళ్ళు? దొరల కుటుంబాల వాళ్ళకి పలకలు పడ్డాయి. మిగతావాళ్ళు లెక్కలో అంకె. పిల్లలు కొవ్వొత్తులు వెలిగించే సమాధుల పండుగకి ముందురోజు అది. ఆ సంగతి వాళ్ళకి చెప్తే ఒకమ్మాయి "మాకెవరూ చెప్పలేదండీ" అంది. నాకూ ఎవరూ చెప్పలేదు. నలభై దాటాక చదివి తెలుసుకున్నాను.

అయితే ఈ రాళ్ళు పోతే బానిసలుగా వెళ్ళినవాళ్ళకి న్యాయం జరుగుతుందా? నాకలా అనిపించదు. ఈ రాయి పోతే ఆ ఓడ ఈ రేవుకి వచ్చిందనడానికి బజార్లో నిలబడి వేలు పెట్టి చూపించగలిగే గుర్తు పోతుంది. మిగతా సాక్ష్యం చాలావరకు నెదర్లాండ్స్‌లోని హేగ్‌లో కాగితాల్లో ఉంది, మా మేనకోడలు రేపు ఆటో ఎక్కి వెళ్ళి చూడలేని చోట. సమాధిని కాపాడటం అంటే అందులో ఉన్నవాడికి దండం పెట్టడం కాదు. ఇక్కడిదాకా మా అన్నయ్యతో వాదన గెలిచాననే అనుకున్నాను. "సరే, మరి మనవాళ్ళవో?" అన్నాడు. దానికి అప్పుడు నా దగ్గర జవాబు లేదు.

చీపురు కంటే ముందు నోట్‌బుక్కు

అసలు నేను చెప్పాలనుకున్నది ఇది. కుర్రాళ్ళు పాత సమాధుల దగ్గరికి వెళ్ళి చేయాల్సిన మొదటి పని శుభ్రం చేయడం కాదు, రాసుకోవడం. ఎన్ని ఉన్నాయి, ఏ వరుసలో ఉన్నాయి, ఏ రాయి, ఏ భాష, ఏ అక్షరం పోయింది, ఏది మిగిలింది. తర్వాతే కొడవలి. బ్రష్షు ఆఖర్న, అదీ మెత్తటిది, ఉత్తి నీళ్ళతో. యాసిడ్, సర్ఫ్, ఇనప బ్రష్షు, అక్షరాలు కనపడాలని పూసే తెల్ల పెయింటు, చాక్‌పీసు, ఇవేవీ గేటు దాటి లోపలికి రాకూడదు.

ఇది నా సొంత తెలివి కాదు. బందరు, భీమిలి, పాలకొల్లు లాంటి చోట్ల డచ్చి సమాధుల్ని అలెగ్జాండర్ రీ కొలతలతో, బొమ్మలతో 1897లోనే అచ్చేయించాడు. మద్రాసు రాజధానిలోని సమాధుల మీది రాతల్ని జూలియన్ జేమ్స్ కాటన్ ఊరూరా సేకరించి 1905లో జాబితా తెచ్చాడు. ఇద్దరూ సర్కారు ఉద్యోగులే, వాళ్ళ దొరల కోసం చేసుకున్న పనే. ఆ పుస్తకాలు రెండూ ఇప్పుడు ఫోన్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఆ సాయంత్రం మా డాబా మీద పిల్లలు ఆ పేజీలు తిరగేస్తూ తాము చూసిన రాళ్ళతో పోల్చుకుంటుంటే, అప్పటిదాకా లేని ఉత్సాహం వచ్చింది. ఇది ఉంది, ఇది విరిగింది, ఇది మనం చూడనే లేదు. క్రికెట్ స్కోరు చూసినట్టు చూశారు. రాళ్ళు అరుగుతాయి, ఎంత కాపాడినా అరుగుతాయి. నూట ఇరవై ఏళ్ళ కిందట ఎవరో రాసి పెట్టబట్టి ఇవాళ చదవలేని అక్షరాన్ని కూడా పోల్చుకోగలం.

దీనికి అడ్డం ఏమిటంటే గంటల లెక్క. ఎన్నెస్సెస్‌లో ఏడాదికి 120 గంటలు, రెండేళ్ళకి 240 గంటలు చూపించాలి, అప్పుడే సర్టిఫికెట్టు. గంటలకి రుజువు ఫొటో. ఫొటోకి కావలసింది ముందు నలుపు, తర్వాత తెలుపు. నోట్‌బుక్కులో రాసుకునే పిల్లని ఫొటో తీస్తే ఏముంటుంది, పరీక్ష రాస్తున్నట్టు ఉంటుంది. యాసిడ్ తెచ్చిన కుర్రాడిది దుర్బుద్ధి కాదు. రెండో ఫొటో కోసం తెచ్చాడు, అంతే. వాడి మీద కోపం పెట్టుకోవడం అన్యాయం. ఆ రెండో ఫొటో అడిగే అలవాటు మన అందరిదీ. నేనూ 'బాగుంది' అని టైప్ చేశానని ముందే చెప్పాను కదా.

మా మేనకోడలు నాతో పూర్తిగా ఏకీభవించలేదు. "నువ్వు చెప్పినట్టు మొదటి నెలంతా రాసుకుంటూ కూర్చుంటే రెండో నెలకి ముగ్గురం మిగులుతాం అత్తా. చేత్తో ఏదో ఒకటి చేస్తేనే వస్తారు," అంది. ఇందులో నిజం ఉంది. గడ్డి కొట్టకపోతే రాసుకోవడానికి దారే లేదు, పైగా మా ఊరి గడ్డిలో పాములు. మొదటి రోజు ఇద్దరు కుర్రాళ్ళు కర్రలతో నేల కొట్టుకుంటూ ముందు నడిస్తేనే మిగతావాళ్ళం అడుగు పెట్టాం. చివరికి రాజీకి వచ్చాం. పొద్దున ఎండెక్కేదాకా గడ్డి, పిచ్చి మొక్కలు. సాయంత్రం నోట్‌బుక్కు.

సాయంత్రమే ఎందుకంటే, అది అనుకోకుండా తెలిసింది. చీకటి పడేవేళ ఒకమ్మాయి ఫోన్ టార్చి వెలిగించి, దాన్ని పలకకి ఎదురుగా కాకుండా పక్కన, రాయికి ఆనుకునేంత దగ్గరగా పట్టుకుంది, చెయ్యి నొప్పెట్టి అలా దించిందట. ఒక్కసారిగా అరిగిపోయిన గీతలన్నిటికీ నీడలు పడ్డాయి. పగలంతా నున్నగా కనపడ్డ రాయి మీద ముందు ఒక 'ఎ' లేచింది, తర్వాత ఒక అంకె, ఆ తర్వాత వరుసంతా. పదకొండు నెలల పిల్ల గోరీ అది. చదువుతున్న అమ్మాయి గొంతు మధ్యలో ఆగిపోయింది. మిగతా వరుస పక్కనున్న కుర్రాడు చదివాడు, ఇంకొకడు రాసుకున్నాడు. ఒక చుక్క నీళ్ళు కూడా పోయలేదు.

నలభై ఒకటో నంబరు

ఆదివారం సాయంత్రం ఒక పెద్దాయన లుంగీ పైకి కట్టుకుని గోడ విరిగిన చోటునుంచి లోపలికి వచ్చాడు. వెనక పేటలో ఉంటాడట. చాలాసేపు నిలబడి చూశాడు. తర్వాత మా మేనకోడలి దగ్గరికి వెళ్ళి, "అమ్మా, ఈ దొరలవేనా రాసేది, మావి కూడా రాస్తారా?" అన్నాడు.

పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అప్పటిదాకా వాళ్ళ వరుస నంబర్లు ఇంగ్లీషు సమాధుల మధ్య గెంతుకుంటూ పోయాయి, మధ్యలో ఉన్న మట్టి దిబ్బల్నీ కర్ర శిలువల్నీ వదిలేస్తూ. వదిలేయమని ఎవరూ చెప్పలేదు. నేనూ చూశాను, నాకూ తోచలేదు. 'పాతవి' అంటే రాతివి అనే లెక్క మా అందరి బుర్రల్లో అడగకుండానే ఉంది. ఇక్కడ పూడ్చుకోవడానికి చోటు దొరకడమే వాళ్ళ పేటకి ఒక పోరాటం అని ఆయన మాటల్లో తర్వాత తెలిసింది. అన్నయ్య అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది.

ఆయన ఒక కర్ర శిలువ చూపించాడు. తారు పూశారు, అడుగున చెద పట్టింది. అక్షరాలేమీ లేవు. వాళ్ళమ్మదట. మా మేనకోడలు కొత్త పేజీ తీసి నలభై ఒకటి అని వేసింది. పేరు అడిగింది, చెప్పాడు, రాసింది. వయసు తెలీదన్నాడు. ఎప్పుడు పోయారని అడిగింది.

"ఉప్పెనొచ్చిన ఏడు కాదు, ఆ తర్వాతి ఎండాకాలం."

"ఏ ఉప్పెన తాతా?"

ఆయన దానివైపు వింతగా చూశాడు. "ఉప్పెనేనమ్మా. దివిసీమ పోయింది చూడు, అది."

అది వేళ్ళ మీద లెక్కేసుకుంది. 1977 నవంబరు. ఆ తర్వాతి ఎండాకాలం. 1978 అని రాసి, పక్కన 'కొడుకు చెప్పిన లెక్క' అని చేర్చింది. రాయి అన్న గడిలో 'కర్ర' అని రాసింది. భాష అన్న గడి దగ్గర కలం ఆపి నా వైపు చూసింది. నేనేం చెప్పలేదు. 'తెలుగు' అని రాసుకుని, పక్క శిలువ ఎవరిదని ఆయన్నే అడిగింది.